పాఠం ఆపని మాస్టారు: విజయవాడ గోరా ప్రజాజీవితం

(దృశ్యం: బెంజ్ సర్కిల్ రద్దీ. కెమెరా నెమ్మదిగా పటమట వైపు తిరుగుతుంది.)

బెంజ్ సర్కిల్ మీదుగా రోజూ తిరిగే విజయవాడవాసుల్లో చాలామందికి ఆ దగ్గరలోనే ఉన్న నాస్తిక కేంద్రం పేరు తెలుసు గానీ, లోపలికి అడుగుపెట్టినవారు తక్కువ. దేవుడు లేడనేవాళ్ల చోటు అన్న ఒక్క మాటతో దానిని పక్కన పెట్టేయడం మనకు అలవాటు. దానిని స్థాపించిన గోపరాజు రామచంద్రరావు, అందరికీ తెలిసిన పేరుతో చెప్పాలంటే గోరా, వృత్తిరీత్యా వృక్షశాస్త్ర అధ్యాపకుడు. ప్రయోగం చేసి చూపితే తప్ప పాఠం పూర్తికాదన్న ఆ అధ్యాపకుడి పట్టుదలే ఆయన ప్రజాజీవితం పొడుగునా కనిపిస్తుంది కాబట్టి, ఈ వీడియోలో ఆయనను ఆ వైపు నుంచే చూద్దాం.

గోరా 1902 నవంబరు 15న, నేడు ఒడిశాలో ఉన్న ఛత్రపురంలో సనాతన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఎం.ఏ. చదివి, మధురై, కోయంబత్తూరు, కొలంబోలలో పనిచేశాక కాకినాడ చేరారు. దేవుడి భావన మీద రాసిన ఒక వ్యాసం కారణంగా 1933లో అక్కడి పి.ఆర్. కళాశాలలో ఉద్యోగం పోయింది. తరువాత మచిలీపట్నం హిందూ కళాశాలలోనూ ఆయన భావాలతో పేచీ తప్పలేదు. చివరికి ఉద్యోగమే వదులుకుని, కృష్ణా జిల్లాలోని ముదునూరు గ్రామస్థుల ఆహ్వానం మీద భార్య సరస్వతితో, పిల్లలతో ఆ ఊరు చేరి, 1940 ఆగస్టు 10న నాస్తిక కేంద్రాన్ని ప్రారంభించారు. వయోజనులకు చదువు చెప్పడం, అన్ని కులాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టడం అక్కడి తొలి పనులు. 1947లో కేంద్రం విజయవాడకు మారింది.

(దృశ్యం: నిప్పుల గుండం, దగ్గరగా. బూడిద కింద ఎర్రటి నిప్పు.)

ఇప్పుడు ఈ గుండాన్ని కాస్త నిదానంగా చూడండి. జాతరల్లోనూ, పీర్ల పండుగలోనూ నిప్పులు తొక్కేవారిని మనం చూస్తూనే ఉన్నాం. ఉపవాసం, దీక్ష, మహిమ లేనివాడు అడుగుపెడితే కాళ్లు మాడిపోతాయని నమ్మకం. నాస్తిక కేంద్రంవారు అటువంటి గుండాన్నే జనం మధ్య పేర్చి, ఏ మొక్కూ లేకుండా నడిచి చూపేవారు. బొగ్గు ఎంత ఎర్రగా కణకణలాడుతున్నా వేడిని అరికాలికి చాలా నెమ్మదిగా అందిస్తుంది. పైనున్న బూడిద పొర ఆ కాస్త వేడిని కూడా అడ్డుకుంటుంది. ఇక నడిచేవాడి పాదం ఒక్కొక్కచోట నిలిచేది క్షణంలో సగమైనా ఉండదు. అంతే వేడితో ఉన్న ఇనుప పెనం మీద అడుగుపెడితే మాత్రం, ఎంతటి భక్తుడికైనా, ఎంతటి నాస్తికుడికైనా బొబ్బలు ఖాయం. (ఇంటి దగ్గర ఎవరూ ప్రయత్నించవద్దని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. నిప్పుల మధ్య తడబడి ఆగినా, ఒక్క మేకు ముక్క ఉన్నా లెక్క తప్పుతుంది.)

గ్రహణం సంగతి మరింత కష్టం, ఎందుకంటే అక్కడ భయం మన మాటలోనే పాతుకుపోయింది: పెదవి చీలి పుట్టిన బిడ్డకు గ్రహణమొర్రి అన్నాం, తప్పును గ్రహణం చూసిన తల్లి మీదికి తోశాం. సరస్వతి గోరా గర్భిణిగా ఉన్నప్పుడే గ్రహణవేళ బయటికి వచ్చారు. నా ఉద్దేశంలో ఇది నిప్పుల మీద నడకకన్నా పెద్ద ప్రయోగం. గుండంలో నడిచినవాడికి ఫలితం వెంటనే తెలిసిపోతుంది; ఆమె నెలల తరబడి చుట్టూ ఉన్నవారి మాటలు పడి ఉండాలి.

ఇంట్లో పిల్లల పేర్లు కూడా పంచాంగం చూసి కాక, వార్తాపత్రిక చూసి పెట్టినట్లుంటాయి. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం, రెండో ప్రపంచయుద్ధాన్ని గుర్తుచేసే పేరున్నవాడు సమరం. తొమ్మిదో బిడ్డ పేరు నౌ, హిందీలో తొమ్మిది.

కులం విషయంలోనూ ప్రయోగం ఇంటి నుంచే మొదలైంది. పెద్ద కుమార్తె మనోరమకు అర్జునరావు అనే దళిత యువకుడితో వివాహం నిశ్చయించినప్పుడు, దానిని తన సేవాగ్రామ్ ఆశ్రమంలో జరిపించేందుకు గాంధీజీ ఒప్పుకున్నారు. దైవభక్తుడైన గాంధీకి, దేవుడిని కాదనే గోరాకు 1944 నుంచి సాగిన చర్చల్లో కుదిరిన అరుదైన అంగీకారాల్లో అదొకటి. 1948 జనవరి 30న గాంధీ హత్య జరిగింది. మార్చి 13న ఆ వివాహం సేవాగ్రామ్‌లోనే జరిగింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన దృష్టి అధికారపు ఆర్భాటం మీదికి మళ్లింది. పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలన్నారు, ఆ సిద్ధాంతంతో స్వయంగా ఎన్నికల్లో నిలబడ్డారు. మంత్రులు నిరాడంబరంగా ఉండాలని కోరుతూ 1961లో సేవాగ్రామ్ నుంచి ఢిల్లీకి కాలినడకన బయలుదేరారు. తిండికి కొరత ఉన్న దేశంలో ప్రభుత్వ తోటల్లో పూలెందుకు, కూరగాయలు వేయండని సత్యాగ్రహం చేశారు. ఇది విని నవ్వినవారు ఉన్నారు, నాకూ మొదట నవ్వే వచ్చింది. అయితే వృక్షశాస్త్రం చెప్పిన మనిషి నోట ఆ మాట వచ్చిందని గుర్తొస్తే అంత వింతగా అనిపించదు. 1972 ఆగస్టు 15న విజయవాడలో గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి వడ్డించిన స్నేహ విందు మాత్రం చాలామందిని నొప్పించింది. మత నిషేధాలను రెండు వైపులా ఒకేసారి ప్రశ్నించాలన్నది ఆయన లెక్క. దానివల్ల మనసు మారినవారెందరు, దూరమైనవారెందరు అన్నది వేరే లెక్క.

1975 జులై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూనే గోరా కుప్పకూలి కన్నుమూశారు.

(దృశ్యం: కేంద్రం ఆవరణ.)

పనిని కుటుంబం పంచుకుంది. లవణం, ఆయన భార్య హేమలత (మహాకవి జాషువా కుమార్తె) స్టువర్టుపురంలో నేరస్థుల ముద్రపడిన కుటుంబాల మధ్య పనిచేశారు. డాక్టర్ సమరం ఆరోగ్య విషయాలను వాడుక తెలుగులో ఇంటింటికీ చేర్చారు. 1969లో ఏర్పడిన వాసవ్య మహిళా మండలి పేరులో వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వం అనే మూడు మాటల తొలి అక్షరాలున్నాయి. దానిని నడిపించిన కుమార్తె చెన్నుపాటి విద్య 1980లోనూ, 1989లోనూ విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. పార్టీలే వద్దన్న గోరా కూతురు గెలిచింది కాంగ్రెస్ టికెట్టు మీద.