గర్భసంచి జారిందంటే తీసేయడమేనా?

శ్రోతలందరికీ నమస్కారమండి. ఇవాళ నేను మాట్లాడబోయేది అక్కాచెల్లెళ్లు కూడా ఒకళ్లకొకళ్లు చెప్పుకోని విషయం, కాన్పు తర్వాత గర్భసంచి జారడం. ఇంట్లో మగవాళ్లు వింటుంటే దయచేసి రేడియో కట్టేయకండి, ఎందుకంటే ఆస్పత్రికి తీసుకెళ్లేది, ఆపరేషన్ కాయితం మీద సంతకం పెట్టేది చాలాసార్లు మీరే.

నేను మొత్తం 26 ఏళ్లు కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సుగా చేశాను. ఆ ఉద్యోగంలో ఉండగానే, నా రెండో కాన్పు అయిన నాలుగో నెలలో, ఒకరోజు సాయంత్రం నీళ్ల బిందె మోసుకొచ్చి దించి, స్నానానికి వెళ్తే కింద చేతికి మెత్తగా ఉండలాంటిది తగిలింది, కాళ్లూ చేతులూ ఆడలేదు. వార్డులో ఇలాంటివాళ్లకి ఎంతమందికి ధైర్యం చెప్పానో, నా దాకా వచ్చేసరికి మా ఆయనకి చెప్పడానికే రెండు నెలలు పట్టింది. పొద్దున లేస్తే ఏమీ ఉండదు, సాయంత్రమయ్యేసరికి కింద బరువు, నడుం లాగుడు, ఒంటికి వెళ్లొచ్చినా ఇంకా మిగిలినట్టే ఉండటం. చివరికి ఓ డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఇద్దరు పిల్లలున్నారు కదమ్మా, ఇంక గర్భసంచితో పనేముంది, తీసేద్దాం అన్నారు. రెండు నిమిషాల్లో తేల్చేశారు. అప్పుడు నాకు 29 ఏళ్లు.

ఆ "పనేముంది" అన్న మాట మన ఊళ్లలో ఎంత మామూలైపోయిందో మీకు తెలుసు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 పైచిలుకు, తెలంగాణలో దాదాపు 8, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9. ఇవన్నీ జారడం వల్ల కాదు, ఎక్కువ రుతుస్రావం అని, గడ్డలు అని రకరకాల కారణాలు, కానీ తీసేయడం మనకి ఎంత తేలిగ్గా నోటికొస్తుందో తెలుస్తోంది కదా. అవసరం లేకుండా చేసే ఈ ఆపరేషన్ల మీద 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా మాట్లాడాల్సి వచ్చింది, కేంద్రం రాసిన మార్గదర్శకాలు 3 నెలల్లో అమలు చేయండని రాష్ట్రాలకి చెప్పింది.

అసలు జారడం అంటే ఏంటంటే, సొరపాదు పందిరి ఊహించుకోండి. గుంజలు వదులైతే పందిరి కుంగి కాయలు కిందికి వేలాడతాయి. కాయ కోసేసినంత మాత్రాన గుంజ బిగుసుకోదు కదండీ. గర్భసంచిని, మూత్రసంచిని, మలం ఉండే పేగుని కింద నుంచి మోసే కండరాలు, వాటిని పట్టి ఉంచే బంధనాలు కాన్పులో సాగిపోతాయి. బిడ్డ బరువు ఎక్కువైనా, నొప్పులు మరీ ఎక్కువసేపు పట్టినా, ఫోర్సెప్స్ అనే పట్టుకారు వేసి లాగినా ఇంకా దెబ్బతింటాయి. తర్వాత పచ్చి బాలింతగా ఉండగానే మోపులెత్తడం, మలబద్ధకం, తగ్గని దగ్గు, ఇవన్నీ దాని మీదే పడతాయి. జారేది గర్భసంచే అవ్వాలని కూడా లేదు, చాలామందిలో యోని ముందు గోడ మీదుగా మూత్రసంచి జారుతుంది, కొంతమందిలో వెనక పేగు. అందుకే గర్భసంచి ఒక్కటీ తీసేసి గుంజల సంగతి చూడకపోతే, లోపల మిగిలిన భాగం మళ్లీ జారొచ్చు, నేను వార్డులో చూశాను అలాంటివాళ్లని, అమ్మా తీయించుకున్నాక కూడా ఇదేంటమ్మా అని ఏడ్చినవాళ్లని.

నేను మనసు ఒప్పక ఇంకో ఊళ్లో ఓ పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నన్ను పడుకోబెట్టి చూసి ఊరుకోలేదు, నిలబెట్టి దగ్గమని కూడా చూశారు. పొద్దున్నే పడుకోబెట్టి చూస్తే జారింది లోపలికి వెళ్లిపోయి ఏమీ లేనట్టే కనిపిస్తుంది, మీరు కూడా ఈ సంగతి డాక్టర్‌కి చెప్పండి, సాయంత్రం ఎక్కువవుతుందని. తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న నేను మర్చిపోలేను, "దీనివల్ల నువ్వు ఏ పని చేసుకోలేకపోతున్నావమ్మా?" అన్నారు. బిడ్డనెత్తుకుని నిలబడలేకపోతున్నా మేడమ్ అన్నాను. అయితే దానికే మందు చూద్దాం అన్నారు. ఎంత జారింది అన్నది ఒక్కటే కాదు, నీకు ఎంత ఇబ్బంది అన్నదాన్ని బట్టి వైద్యం. ఇబ్బంది లేకుండా కొద్దిగా జారితే ఏమీ చేయక్కర్లేదు, గమనించుకుంటే చాలు.

ఇంకో మాట కూడా చెప్పారు. కాన్పయిన మొదటి ఏడాది తొందరపడి కత్తి పెట్టించుకోవద్దని. పాలిచ్చేటప్పుడు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గి కింద చర్మం పల్చగా పొడిగా ఉంటుంది, బిడ్డ పాలు మానేశాక, కండరాలు కోలుకున్నాక కొంతమందికి చాలావరకు సర్దుకుంటుంది. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లయితే ఆపరేషన్ సాధారణంగా ఆ తర్వాతకే వాయిదా వేస్తారు.

ఈలోపు రెండు దారులున్నాయి. ఒకటి కీగల్ ఎక్సర్‌సైజులు. నలుగురిలో ఉన్నప్పుడు గాలి పోకుండా ఆపుకుంటాం చూడండి, ఆ కండరాలని పైకి లాగి, ఊపిరి బిగబట్టకుండా కొన్ని సెకన్లు ఉంచి వదలాలి, అలా పదిసార్లు, రోజుకి మూడు పూటలు. చాలామంది పొట్ట బిగించి, కిందికి ముక్కుతారు, అది ఉల్టా నష్టం, అందుకే ఒకసారైనా ఫిజియోథెరపిస్ట్ దగ్గర సరిగ్గా చేస్తున్నామా లేదా చూపించుకోవాలి. కనీసం 16 వారాలు వదలకుండా చేయాలి, నాలుగు రోజులు చేసి లాభం లేదు అనేస్తే ఎలా. పూర్తిగా బయటికొచ్చేసినదాన్ని ఇవి లోపలికి పంపవు, జారింది ఇంకా ద్వారం దాకానే ఉండే మొదటి రెండు దశల్లో మాత్రం చాలామందికి బరువు, లాగుడు తగ్గుతాయి.

రెండోది రింగ్. పెసరీ అంటారు, సిలికాన్‌తో చేసింది, సైజు చూసి లోపల పెడితే జారినదాన్ని పైకి పట్టి ఉంచుతుంది. మన దగ్గర దీని గురించి చెప్పేవాళ్లే తక్కువ, అది నా బాధ. తీసి కడుక్కుని మళ్లీ పెట్టుకోవడం మనమే నేర్చుకోవచ్చు, భార్యాభర్తలు కలిసేటప్పుడు తీసేసుకోవచ్చు. అలా చేతకాకపోతే డాక్టర్ చెప్పిన గడువుకి వెళ్లి మార్పించుకోవాలి, పెట్టించుకుని ఏళ్లతరబడి మర్చిపోతే లోపల పుండు పడుతుంది. మా దగ్గరికొచ్చిన ఒకావిడ కౌలు రైతు, ఇప్పుడు మంచం ఎక్కితే నాట్లు ఎవరు వేస్తారు సిస్టర్ అంది. రింగ్ పెట్టించుకుని సంక్రాంతి కోతలయ్యాక, కూతురు పుట్టింటికొచ్చిన రోజుల్లో ఆపరేషన్ చేయించుకుంది. ఆపరేషన్ తర్వాత కనీసం ఆరు వారాలు బరువు ఎత్తకూడదు, అప్పుడు ఇంట్లో బిందెలు మోసేదెవరు అన్నది కూడా వైద్యంలో భాగమే.

ఆపరేషనే కావాలంటే అందులోనూ రకాలున్నాయి. గర్భసంచి ఉంచేసి పైకి కట్టే పద్ధతులు ఉన్నాయి, బొంబాయి డాక్టర్లు శిరోద్కర్, పురందరే పేర్లతోనే మన దేశంలో అలాంటివి చాలాకాలంగా ఉన్నాయి. జారినదాన్ని పట్టి ఉంచడానికి పెట్టే వలని మెష్ అంటారు, కింద నుంచి పెట్టే ఆ వలల అమ్మకం అమెరికాలో 2019లో ఆపించారు, కాబట్టి మెష్ అంటే ఎక్కడ, ఎటునుంచి పెడతారు అని అడగండి. నా గర్భసంచి ఉంచొచ్చా, అండాశయాలు ఉంచుతారా, మళ్లీ జారే అవకాశం ఎంత, ఇవీ అడగండి, భయపడకండి. చిన్న వయసులో అండాశయాలు రెండూ తీసేస్తే వెంటనే ముట్లాగిపోతాయి, ఎముకలు కూడా గుల్లబారతాయి.

ఒంటికి అస్సలు రాకపోయినా, బయటికొచ్చింది లోపలికి వెళ్లకపోయినా, పుండు పడి రక్తం కనిపించినా మాత్రం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

నేను రింగ్‌తో, ఎక్సర్‌సైజులతో 20 ఏళ్లకి పైగా నెట్టుకొచ్చాను. ముట్లాగాక ఎక్కువైంది, రింగ్ నిలవలేదు, 52వ ఏట ఆపరేషన్ చేయించుకున్నాను. ఏం తీస్తున్నారు, ఏం ఉంచుతున్నారు, ఎందుకు అన్నీ అడిగి తెలుసుకున్నాకే. కాయితం మా ఆయన చేతికివ్వబోతే ఆయనే నావైపు తిప్పారు, సంతకం నేనే పెట్టాను.

సెలవండి, నమస్కారం.