‘పరిశీలనలో ఉంది’ అనే జవాబు

(విశాఖపట్నంలో విద్యార్థులు, రిటైర్డ్ ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్ గాలి వదులుకుని పార్లమెంటు కబుర్లు వినడానికి వచ్చారంటే ముందు మీ ఓపికకు దండం పెట్టాలి.

నేను ముప్పై ఏళ్ళు సివిక్స్ పాఠం చెప్పినవాణ్ణి. ‘మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించును’ అని బోర్డు మీద రాసేవాణ్ణి. రాజ్యాంగం 75వ అధికరణంలో మూడో క్లాజు అది. పిల్లలు రాసుకునేవారు, మార్కులు వచ్చేవి. ఒకరోజు ఒక అమ్మాయి లేచి, “వహించకపోతే ఏమవుతుంది మాస్టారూ?” అంది. ఇంతలో బెల్లు కొట్టారు కాబట్టి బతికిపోయాను. ఆ బాకీ ఇవాళ తీర్చుకుంటాను.

పెద్ద జవాబు మీకు తెలిసిందే, ప్రభుత్వం పడిపోతుంది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో, 269కి 270తో, ఓడిపోయింది. ఆ రోజు స్పీకర్ కుర్చీలో ఉన్నది మన కోనసీమ బాలయోగి గారు. కానీ అలాంటి రోజు ఎప్పుడో గాని రాదు. మామూలు రోజుల్లో మంత్రిని నిలబెట్టేది ప్రశ్న.

లోక్‌సభ ఉదయం పదకొండుకు మొదలవగానే మొదటి గంట ప్రశ్నలదే. రోజుకు ఇరవై ప్రశ్నలకు నక్షత్రం గుర్తు ఉంటుంది. వాటికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. మరో 230 ప్రశ్నలకు రాతపూర్వక జవాబు చాలు. వచ్చిన నోటీసులన్నిటికీ చోటు ఉండదు కాబట్టి బ్యాలెట్ తీస్తారు, అంటే లాటరీయే. ఆ ఇరవైలో కూడా గంటలోపు నోటిదాకా వచ్చేవి కొన్నే.

అసలు పస నక్షత్రంలో లేదు, అనుబంధ ప్రశ్నలో ఉంది. మొదటి జవాబు అధికారులు వండి ఇస్తారు, మంత్రి వడ్డిస్తాడు. ఆ తర్వాత సభ్యుడు అక్కడికక్కడే అడిగే అనుబంధ ప్రశ్నకు కాగితం పూర్తిగా సాయపడదు. మంత్రికి తన శాఖ ఎంత తెలుసో అప్పుడు బయటపడుతుంది. ప్రశ్న వేసిన సభ్యుడికి దక్కేవి రెండు అనుబంధాలు. ఆ రెంటినీ ఉపన్యాసానికి ఖర్చు పెట్టేసి, చివర్లో “దీనిపై మంత్రిగారి అభిప్రాయం ఏమిటి?” అని కూర్చునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అభిప్రాయం ఎవడిక్కావాలండీ? లెక్క కావాలి.

లెక్క అడిగితే ఏం జరుగుతుందో ఒక కథ చెబుతాను, కాస్త పాతది. 1956లో ఎల్‌ఐసీ పుట్టింది. మన తాతల, నాన్నల ప్రీమియం డబ్బంతా ఒక్కచోట చేరింది. ఏడాది తిరిగేసరికి ఆ సంస్థ హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో కోటీ ఇరవై లక్షలకు పైగా పెట్టి షేర్లు కొంది. అప్పటి కోటి అంటే ఎంతో మీరే ఊహించుకోండి. సభలో ముందు ప్రశ్న వచ్చింది. మంత్రుల జవాబు సూటిగా లేదు. 1957 డిసెంబర్ 16న రాయ్‌బరేలీ సభ్యుడు ఫిరోజ్ గాంధీ లేచి ఆ కొనుగోళ్ళ గుట్టంతా సభ ముందు విప్పాడు. ఆయన ప్రతిపక్షం కాదు, కాంగ్రెస్ సభ్యుడే. పైగా ప్రధాని నెహ్రూకు అల్లుడు. మామగారి ప్రభుత్వాన్ని, మామగారు వింటుండగా నిలదీశాడు. అప్పుడు స్పీకర్ కూడా మన చిత్తూరు సభ్యుడే, మాడభూషి అనంతశయనం అయ్యంగార్.

దాంతో ఆ కొనుగోళ్ళ మీద జస్టిస్ ఛాగ్లా విచారణ బొంబాయిలో బహిరంగంగా జరిగింది. ఆయన తేల్చిన మాట ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. కార్యదర్శి చేసిన పనికైనా రాజ్యాంగం ప్రకారం బాధ్యుడు మంత్రే. ‘నాకు తెలీదు, కింది వాళ్ళు చేశారు’ అంటే చెల్లదు. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

ఈ మధ్య ఒక మిత్రుడితో ఈ కథ చెబితే, “ఇప్పుడు విప్ ఉంది కదండీ, అధికార పార్టీ వాళ్ళు నోరెత్తగలరా?” అన్నాడు. ఇది చాలామంది అపోహ. విప్ అంటే సభలో ఎలా ఓటేయాలో పార్టీ తన సభ్యులకిచ్చే ఆదేశం. 1985లో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలులో, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టంలో, విప్ ధిక్కారం అంటే ఓటు సంగతి. ప్రశ్న అడిగితే సభ్యత్వం పోతుందని అందులో ఎక్కడా లేదు. పోయేది ఈసారి టికెట్టు. అది వేరే భయం, దాన్ని చట్టం మీదికి నెట్టకూడదు. నిజానికి ప్రశ్న వల్ల సభ్యత్వం పోయినవాళ్ళూ ఉన్నారు లెండి. 2005 డిసెంబర్‌లో పదకొండు మంది ఎంపీలను బయటికి పంపారు. వాళ్ళు ప్రశ్న అడిగినందుకు కాదు, డబ్బు తీసుకుని అడిగినందుకు.

ఇక మన ఊరికి వద్దాం. 2021 జనవరి 27న స్టీల్ ప్లాంట్‌లో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు, అంటే ప్రభుత్వ వాటా మొత్తం అమ్మేయడానికి, కేంద్ర కేబినెట్ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ తర్వాత నెలంతా ఊళ్ళో రకరకాల మాటలు. ఆగిపోతుందట, ఫలానా నాయకుడు మాట్లాడాడట, భయం లేదట. మార్చి 8న లోక్‌సభలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఇచ్చిన రాతపూర్వక జవాబుతో ఆ ‘అట’లన్నీ పోయాయి. రాష్ట్రానికి ఇందులో వాటా లేదు, ఉపసంహరణ నూరు శాతమే అని తేలింది. ఆ సాయంత్రానికే కూర్మన్నపాలెం దగ్గర కార్మికులు హైవే మీద బైఠాయించారు. మీలో కొందరు అక్కడ కూర్చునే ఉంటారు. జవాబు చేదుగా ఉండొచ్చు. కానీ ఆ ఒక్క కాగితం, నెల రోజుల ప్రెస్ మీట్లు చెప్పనిది చెప్పింది.

రైల్వే జోన్ కథ దీనికి తలకిందులు. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో ఏం రాశారు? కొత్త జోన్ విషయం ఆరు నెలల్లో ‘పరిశీలించి’ త్వరగా నిర్ణయం తీసుకోవాలని. ఇస్తామని కాదు, పరిశీలిస్తామని! ఆ ఒక్క మాటే మన కొంప ముంచింది. ప్రకటన రావడానికి 2019 ఫిబ్రవరి దాకా పట్టింది. జోనల్ ఆఫీసుకు శంకుస్థాపన 2025 జనవరి 8న జరిగింది.

“జోన్ ఎప్పుడిస్తారు?” అని అడిగితే “పరిశీలనలో ఉంది” అనేవారు. పాము చావదు, కర్ర విరగదు. అదే ఇలా అడిగి చూడండి. డీపీఆర్, అంటే సమగ్ర ప్రాజెక్టు నివేదిక, ఏ తేదీన అందింది? ఇవాళ అది ఎవరి దగ్గర ఉంది? ఈ ఏడాది బడ్జెట్లో ఎంత ఇచ్చారు, డిసెంబర్ నాటికి ఎంత ఖర్చయింది? ఎన్ని పోస్టులు మంజూరు చేశారు? ఇక నీళ్ళు నమలడానికి చోటుండదు. తేదీకి తేదీయే జవాబు, రూపాయికి రూపాయే జవాబు. ప్రశ్న 150 మాటలు దాటకూడదని నియమం కూడా ఉంది. అది శిక్ష కాదు, వరం.

సరే, ఎంత బాగా అడిగినా “పరిశీలిస్తున్నాం” అనే అన్నారనుకోండి. చాలామంది అక్కడితో చేతులు దులుపుకుంటారు. సభకు మాత్రం ఆ మాట కొట్టిపారేసేది కాదు. 1953 నుంచి లోక్‌సభకు ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. ‘పరిశీలిస్తాం’, ‘సమాచారం సేకరించి సభ ముందుంచుతాం’ లాంటి మాటలన్నిటినీ అది హామీల కిందే లెక్క కడుతుంది. మామూలుగా మూడు నెలల్లో తీర్చాలి. తీర్చకపోతే శాఖలు గడువు పెంచమనో, ఆ హామీని వదిలేయమనో కమిటీని అడుక్కోవాలి. అధికారులను పిలిచి కూర్చోబెట్టి అడిగే హక్కు దానికి ఉంది. టీవీలో కనబడదు కాబట్టి మనకు తెలీదు. పోడియం దగ్గర ప్లకార్డు పట్టుకుంటే రాత్రి వార్తల్లో వస్తుంది, కమిటీ గదిలో ఫైలు తిప్పితే రాదు. మన ఎంపీల్లో ఆ రెండో పని చేసేవాళ్ళను మనమే గుర్తించం, ఓటేసేటప్పుడు అడగం.

ఏ సభ్యుడు ఏం అడిగాడో, ఏం జవాబు వచ్చిందో పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉంటుంది. పేరు కొడితే చాలు. ఇంటికెళ్ళి చూడండి. కొందరి పేజీ చూస్తే ముచ్చటేస్తుంది, కొందరిది చూస్తే నీరసం వస్తుంది. పేర్లు నేను చెప్పను.

టైమ్ అయిపోయిందని నిర్వాహకులు వాచీ చూపిస్తున్నారు. ఇక మీరు అడగండి. మనిషికి రెండు అనుబంధ ప్రశ్నలు. వెనక వరుసలో ఆ అమ్మాయి ఇందాకట్నుంచి చెయ్యెత్తే ఉంది, ముందు ఆమెకు మైకు ఇవ్వండి.