న్యూజెర్సీ బడిలో క్లైమేట్ పాఠం ఎక్కడ దొరుకుతుంది?

నమస్తే అండీ! ఎడిసన్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది అడుగుతుంటారు, “మా పాప పుస్తకంలో పర్యావరణం పాఠమే లేదేంటి?” అని. విషయసూచికలో వెతికితే దొరకదండీ. 2020 జూన్‌లో న్యూజెర్సీ క్లైమేట్ చేంజ్‌ని ఏడు సబ్జెక్టుల స్టాండర్డ్స్‌లో (ఏ తరగతిలో ఏం నేర్పాలో రాష్ట్రం చెప్పే జాబితాలో) కలిపేసింది, 2022 సెప్టెంబరు నుంచి బడుల్లో చెబుతున్నారు. అమెరికాలో ఈ పని చేసిన మొదటి రాష్ట్రం ఇదే. సైన్సు, సోషల్ సరే, డ్రాయింగు, పీఈ (ఆటల, వ్యాయామ) క్లాసుల్లో కూడా ఉంది. పైగా ఇక్కడ పుస్తకాలు కొని అట్టలేసే పని లేదు, చాలాచోట్ల అవి క్లాసులోనో క్రోమ్‌బుక్‌లోనో ఉంటాయి.

కాబట్టి మీ స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంతం బడులను నడిపే సంస్థ) వెబ్‌సైట్‌లో కరికులమ్ పేజీ తెరవండి. సైన్సు పీడీఎఫ్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో ‘ఈఎస్ఎస్3’ అని కొట్టి వెతకండి. భూమి మీద మనిషి చేసే పనుల పాఠాలన్నీ ఆ కోడ్ కిందే ఉంటాయి. దాని ముందు ‘కే’ ఉంటే కిండర్‌గార్టెన్, ‘5’ ఉంటే ఐదో తరగతి, ‘ఎంఎస్’ ఉంటే మిడిల్ స్కూల్. ఎంఎస్-ఈఎస్ఎస్3-5 దొరికితే వదలకండి. గత వందేళ్లలో ఉష్ణోగ్రతలు ఎందుకు పెరిగాయో ఆధారాలు ముందు పెట్టుకుని పిల్లలే ప్రశ్నలు వేయాల్సిన పాఠం అది.

డాలస్ వైపు ఉన్నవాళ్లకు లెక్క వేరు. టెక్సస్‌లో ఏ పుస్తకం ఆమోదించాలో స్టేట్ బోర్డు ఓటేస్తుంది. 2023 నవంబరులో ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకాలు 12 వస్తే 7 తిరస్కరించారు. వాతావరణ మార్పును చూపించిన తీరు మీద వచ్చిన అభ్యంతరాలు అందులో పెద్ద కారణం. అయినా జాబితాలో లేని పుస్తకం కొనుక్కునే వీలు డిస్ట్రిక్ట్‌కి ఉంది, అడిగి చూడండి.

అమెరికా పాఠాల్లో గ్రాఫులు బలంగా ఉంటాయి. మనుషులు, ఊళ్లు తక్కువ. ఆ లోటు మన ఎన్‌సీఈఆర్‌టీ (ఇండియాలో బడి పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ) పాత ఐదో తరగతి ఈవీఎస్, అంటే పరిసరాల విజ్ఞానం పుస్తకం తీరుస్తుందని నా గట్టి నమ్మకం. అందులో రాజస్థాన్‌లోని జైసల్మేర్‌లో ఉన్న ఘడ్సీసర్ చెరువు పాఠం చదివించండి. ఒకటి నిండితే నీరు కింది చెరువులోకి పారేలా తొమ్మిది చెరువులు కట్టారు, అచ్చం మన గొలుసుకట్టు చెరువుల్లాగే. తర్వాత మధ్యలో కాలనీలు లేచాయి, వాననీరు చెరువులకు చేరకుండా వృథాగా పోతోంది. నష్టం ఎక్కడ, ఎలా జరిగిందో పదేళ్ల పిల్లకు కళ్లకు కట్టేలా చెప్పిన పాఠం అది.

చదివాక శాటిలైట్ మ్యాప్‌లో మీ సొంతూరి చెరువు తెరవండి. అలుగు ఎటు పారుతుందో పిల్లలనే కనిపెట్టమనండి. ఆ దారిలో ఇళ్లు కనిపిస్తే, ఏ ఏడు దాకా నీళ్లు పారాయో తాతయ్యకి వీడియో కాల్ చేసి అడిగించండి.