కుళాయి కట్టేయని ఖతార్

అందరికీ నమస్కారం.

చమురు రాజకీయం అనగానే 1973 గుర్తొస్తుంది. అరబ్బు దేశాలు సరఫరా ఆపితే ప్రపంచం గిలగిల్లాడింది. ఖతార్ పలుకుబడి మాత్రం గ్యాస్ సరఫరా ఆపనందువల్ల వచ్చింది.

అక్కడి నార్త్ ఫీల్డ్ గ్యాస్ నిక్షేపం 1971లోనే బయటపడింది. తొలి ఎల్ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) ఓడ జపాన్‌కు బయల్దేరింది మాత్రం 1996 చివర్లో. గ్యాస్‌ను చమురులాగా నేరుగా ఓడలో నింపలేం. మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమై, పరిమాణం 600వ వంతుకు తగ్గుతుంది. ఆ ప్లాంట్లకయ్యే ఖర్చు భారీ. ఇరవై, పాతికేళ్ళు కొంటామని ఎవరైనా ముందే సంతకం పెడితే తప్ప బ్యాంకులు అప్పివ్వవు. ఒక తరంపాటు కొనేవాడికి అమ్మేవాడితో తెగదెంపులు కుదరవు. ఖతార్ విదేశాంగ విధానానికి పునాది ఇదే.

మన సంగతే చూడండి. మన గ్యాస్ దిగుమతి సంస్థ పెట్రోనెట్ 1999లో ఖతార్‌తో ఏడాదికి 75 లక్షల టన్నులకు ఒప్పందం చేసుకుంది. 2004లో గుజరాత్‌లోని దహేజ్ రేవుకు సరుకు రావడం మొదలైంది. అందులో ‘టేక్ ఆర్ పే’ నిబంధన ఉంది: సరుకు దించుకోకపోయినా డబ్బు కట్టాల్సిందే. 2015లో బయటి మార్కెట్ ధర పడిపోయేసరికి పెట్రోనెట్ దాదాపు మూడో వంతు తగ్గించి తీసుకుంది. ఒప్పందం ప్రకారం సుమారు 12 వేల కోట్ల రూపాయల జరిమానా పడాలి. ఖతార్ దాన్ని వదులుకుంది, ధర సూత్రాన్నీ మార్చింది. బదులుగా ఏటా మరో 10 లక్షల టన్నులు అంటగట్టింది! ఇందులో దయాదాక్షిణ్యాలేమీ లేవు. ఆస్ట్రేలియా, అమెరికా గ్యాస్ మార్కెట్లోకి దిగుతున్న వేళ పెద్ద ఖాతాను పోగొట్టుకోకూడదన్న లెక్క అది. 2028తో ముగియాల్సిన ఆ ఒప్పందాన్ని 2024 ఫిబ్రవరిలో 2048 దాకా పొడిగించారు.

అసలు పరీక్ష 2017 జూన్ 5న ఎదురైంది. సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఒక్కసారిగా ఖతార్‌తో సంబంధాలు తెంచుకుని దిగ్బంధం విధించాయి. అదే యూఏఈకి డాల్ఫిన్ పైపులైను గుండా ఖతార్ రోజుకు సుమారు 200 కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ పంపుతోంది. వాల్వు తిప్పితే దుబాయ్ కరెంటుకు ఇక్కట్లు. తిప్పలేదు. నా దృష్టిలో అంతకన్నా తెలివైన ఎత్తు లేదు. పగతో ఒక్కసారి కట్టేస్తే టోక్యో, సియోల్ కొనుగోలుదారులకు రేపు మన వంతేనన్న అనుమానం పుడుతుంది. 2021 జనవరిలో దిగ్బంధం ఎత్తేశారు. పదమూడు డిమాండ్లు పెట్టి ఖతార్ వార్తా చానెల్ అల్ జజీరాను మూసేయమన్నారు కదా, ఆ చానెల్ నడుస్తూనే ఉంది.

ఈ బలానికీ హద్దులున్నాయి. 2025లో జూన్‌లో ఇరాన్ క్షిపణులు ఖతార్‌లో అమెరికా సైన్యం ఉండే అల్ ఉదెయిద్ స్థావరం మీదికి వచ్చాయి, సెప్టెంబరులో ఇజ్రాయెల్ దోహాపైనే దాడి చేసింది. పైగా ఎల్ఎన్‌జీ ఓడలన్నీ హోర్ముజ్ జలసంధి దాటాల్సిందే. సౌదీ చమురుకు యాన్బూ, యూఏఈ చమురుకు ఫుజైరా రేవులు ఆ జలసంధికి బయట ఉన్నాయి. ఖతార్ ఎల్ఎన్‌జీకి పక్కదారి లేదు. ఓడలు ఆగితే ఎల్ఎన్‌జీ ప్లాంట్లుండే రాస్ లఫాన్‌లో నిల్వ ట్యాంకులు నిండిపోతాయి, ప్లాంట్లు ఆపేయాలి. మళ్ళీ నడపాలంటే మెల్లగా చల్లబరుస్తూ రావాలి. తొందరపడితే గ్యాస్‌ను చల్లబరిచే ఉష్ణ వినిమాయకాల లోహం పగులుతుంది. ఆ వ్యవధిలో ఖతార్ ఖజానాకూ గండి, దహేజ్‌లో గ్యాస్‌కూ కటకట.