కోరిక తగ్గడం కూడా ఒక జబ్బు లక్షణమే

కర్నూలు సభకు విచ్చేసిన పెద్దలకు, ముఖ్యంగా పల్లెల నుంచి వచ్చిన ఆశా కార్యకర్తలకు నమస్కారం.

దాంపత్యంలో కోరిక తగ్గిందని నోరు తెరిచి చెప్పేవారే అరుదు. చెప్పినా, మనసు మారిందనో వయసు మళ్లిందనో ఇంట్లోవాళ్లే తీర్పు ఇచ్చేస్తారు. ఆ తీర్పు వల్ల ఏళ్లు పోగొట్టుకున్నవారిని చూశాను కాబట్టే ఈ విషయం ఎంచుకున్నాను.

ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చిన ఒక తల్లి మే నెల ఎండలోనూ శాలువా కప్పుకొని నా ఎదుట కూర్చుంది. మొగుడంటే పడదని అత్తగారు చెబుతుంటే తల వంచుకొని వింది. కాన్పు గురించి అడిగాను. నాలుగేళ్ల కిందట ప్రసవంలో విపరీతంగా రక్తం పోయిందని, బిడ్డకు ఇవ్వడానికి పాలే రాలేదని, ఆ తరువాత బహిష్టే రాలేదని చెప్పింది. ఆ మూడు మాటల్లోనే జబ్బు తెలిసిపోయింది. మెదడు అడుగున ఉండి, గర్భిణిగా ఉన్నప్పుడు పెద్దదయ్యే పీయూష గ్రంథి (పిట్యూటరీ), అంత రక్తస్రావం జరిగితే రక్తం అందక దెబ్బతింటుంది. 1937లో షీహాన్ అనే వైద్యుడు వివరించిన ఈ స్థితిలో థైరాయిడ్‌కు, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్‌కు, అండాశయాలకు అందవలసిన ఆదేశాలే తగ్గిపోతాయి. అటువంటి శరీరంలో కోరిక ఎలా నిలుస్తుంది? చికిత్సకూ ఒక వరుస ఉంది. అడ్రినల్ తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోన్ లోటు ఉంటే ముందు దాన్ని పూడ్చి, ఆ తరువాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలి. ఈ వరుస తప్పితే ప్రాణానికే ముప్పు.

పీయూష గ్రంథి నుంచి వచ్చే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ మగవారిలో పెరిగితే, మగ హార్మోన్ అయిన టెస్టోస్టెరాన్ పడిపోయి కోరిక తగ్గుతుంది. పీయూష గ్రంథిలో చిన్న గడ్డ వల్ల గానీ, కొన్ని మానసిక వ్యాధుల మందుల వల్ల గానీ ఇలా జరగవచ్చు. గడ్డ అయితే చాలామందికి కాబెర్గోలిన్ మాత్రలతోనే తగ్గుతుంది. మందు వల్ల అయితే దాన్ని సొంతంగా మానకుండా, రాసిన వైద్యుడికి చెప్పాలి. టెస్టోస్టెరాన్ పరీక్ష పొద్దున్నే, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో చేయించాలి. సాయంత్రం తీసిన ఒక్క రిపోర్టు పట్టుకొని ఇంజెక్షన్లు వేయించుకునే యువకులను చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే బయటి నుంచి ఎక్కించే ఆ హార్మోన్ వీర్యకణాల తయారీని అణచివేస్తుంది.

ఫలితం వారంలో కనబడదు. థైరాయిడ్ మోతాదు సరిపోయిందో లేదో తెలియడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ రక్తపరీక్ష చేయాలి. ఆ తల్లికి ముందు చలి తగ్గింది, తరువాత పొలం పనికి ఓపిక వచ్చింది. ఎనిమిదో నెలలో వచ్చినప్పుడు, అత్తగారిని కాసేపు బయట కూర్చోమని చెప్పి, తనంతట తానే మెల్లగా ఆ మాట ఎత్తింది.