టోక్యోలో ఇంగ్లీషు పుస్తకాల షాపులు: ఏ పుస్తకానికి ఎక్కడికెళ్ళాలి, ఎక్కడ దెబ్బతింటాం

నమస్కారమండీ. ముందు ఈ రెండు పుస్తకాలు చూడండి. ఎడం చేతిలో ఉన్నదీ కుడి చేతిలో ఉన్నదీ ఒకటే నవల. పేరు అదే, రచయిత అదే, రెండూ ఇంగ్లీషే. కానీ ఒకటి 350 పేజీలు, రెండోది 120. ఈ సన్నదాన్ని వెనక నుంచి తెరుద్దాం. ఇదిగో, ఇంగ్లీషు మాట, దాని పక్కన జపనీస్ అర్థం, ఇలా పేజీలకు పేజీలు. ఇంగ్లీషు నేర్చుకునే జపాన్ వాళ్ళ కోసం కుదించి రాసిన రీడర్ ఇది. ల్యాడర్ సిరీస్ అంటారు. లెవెల్ 1 అంటే 1,000 వేర్వేరు ఇంగ్లీషు మాటలు తెలిస్తే చదవగలిగేలా రాసింది, లెవెల్ 4 అంటే 2,000 మాటలు. మీ ఇంటి దగ్గర స్టేషన్ పక్కన ఉండే మామూలు పుస్తకాల షాపులో ఇంగ్లీషు పుస్తకాలు ఎక్కడండీ అని అడిగితే, చాలాసార్లు చూపించే అర ఇదే. నేర్చుకునేవాళ్ళకి మంచి పుస్తకాలే, తప్పేం లేదు. అసలు నవల చదువుదామని కొన్నవాళ్ళకి మాత్రం ఇంటికొచ్చాక గానీ సంగతి తెలీదు.

కాబట్టి మొదట ఒక మాట నేర్చుకోండి. యోషో. విదేశీ భాషల్లో, విదేశాల్లో అచ్చయిన పుస్తకాలకి జపనీస్‌లో వాడే మాట అది. "ఇంగ్లీష్ బుక్స్" అంటే రీడర్ల దగ్గరికీ, టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్ష గైడ్ల దగ్గరికీ తీసుకెళ్తారు. "యోషో వ దొకో దెసు కా", అంటే యోషో ఎక్కడండీ అని అడిగితే సరైన అంతస్తు చెప్తారు.

ఇక షాపులు. మన తెలుగువాళ్ళూ, మొత్తంగా భారతీయులూ ఎక్కువగా ఉండే నిషి కసాయి నుంచే మొదలెడదాం. అక్కడి నుంచి తోజాయ్ లైన్‌లో నకానో వైపు లోకల్ ఎక్కండి. రాపిడ్ బండి నిషి కసాయిలో ఆగదని అక్కడుండేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పావుగంట పైచిలుకులో ఓతెమాచి. దిగాక పైకి, రోడ్డు మీదికి వెళ్ళకండి. ఓతెమాచి స్టేషన్లో ఐదు లైన్లు కలుస్తాయి, తప్పు గేటులో బయటపడితే పది నిమిషాలు చుట్టూ తిరగాలి. మరునౌచి ఓఆజో అన్న బోర్డులు పట్టుకుని భూగర్భంలోనే నడిస్తే నేరుగా ఆ బిల్డింగ్‌లోకి వెళ్తారు. వాన పడినా గొడుగు తెరవక్కర్లేదు. అందులో 1 నుంచి 4 అంతస్తులు మరుజెన్ పుస్తకాల షాపు. 1869లో యొకొహామాలో మొదలైన కంపెనీ అది. మనకి కావాల్సిన యోషో 4వ అంతస్తులో ఉంటుంది. మెట్రోలో కాకుండా జేఆర్ రైళ్ళలో వచ్చేవాళ్ళు టోక్యో స్టేషన్ మరునౌచి నార్త్ ఎగ్జిట్ లోంచి బయటికొస్తే ఎదురుగానే.

ఈ షాపు బలం కొత్త నవలలు, బిజినెస్, జపాన్ మీద ఇంగ్లీషులో వచ్చిన పుస్తకాలు, పిల్లల బొమ్మల పుస్తకాలు. ఇంటికెళ్ళే దారిలో అరగంట దిగి చూసి పోవడానికి దీన్ని మించింది లేదు. అదే అంతస్తులో కేఫ్ ఉంది, కిటికీలోంచి రైలు పట్టాలు కనిపిస్తాయి. అక్కడ పేరున్న వంటకం హయాషి రైస్. మరుజెన్ స్థాపకుడు హయాషి పేరు మీదే వచ్చిందని చెప్పుకుంటారు. చూడ్డానికి మన గ్రేవీ అన్నంలా ఉంటుంది గానీ అందులో ఉండేది బీఫ్. తినని వాళ్ళు ముందే చూసుకోండి.

రెండోది షింజుకు. ఇక్కడ పొరపాటు చేసేవాళ్ళు చాలామంది. షింజుకులో కినోకునియా అనే పుస్తకాల షాపులు రెండున్నాయి. తూర్పు వైపు మెయిన్ రోడ్డు మీద ఉన్నది పాత ప్రధాన శాఖ, 1927లో కినోకునియా పుట్టింది ఆ ప్రాంతంలోనే. మ్యాప్‌లో కినోకునియా షింజుకు అని కొడితే మొదట వచ్చేది అదే. ఇంగ్లీషు పుస్తకాల కోసం మనం వెళ్ళాల్సింది దక్షిణం వైపున్న రెండోదానికి. దాని పేరు బుక్స్ కినోకునియా టోక్యో. తకాషిమాయా డిపార్ట్‌మెంట్ స్టోరు ఉండే టైమ్స్ స్క్వేర్‌లో సౌత్ బిల్డింగ్, 6వ అంతస్తు. స్టేషన్ న్యూ సౌత్ గేట్ నుంచి బయటికొచ్చి, తకాషిమాయా పొడుగునా దక్షిణం చివరికంటా నడవాలి. కింద అంతస్తుల్లో నిటోరి ఫర్నిచర్ షాపు కనిపిస్తే సరైన చోటికే వచ్చినట్టు. ఒకప్పుడు ఆ కింది అంతస్తుల్లో కూడా పుస్తకాలే. 2016లో కింది అంతస్తులు మూసేసి, విదేశీ పుస్తకాల అంతస్తు ఒక్కటే ఉంచారు. సోఫాలూ దుప్పట్లూ దాటుకుని పైకెళ్తే ఒక అంతస్తు మొత్తం యోషో.

సరుకు విషయంలో నా ఓటు దీనికే. టెక్నికల్ పుస్తకాలు, సైన్సు, చరిత్ర, ఫాంటసీ సిరీస్‌లో మూడో భాగమో నాలుగో భాగమో కావాలంటే ముందు ఇక్కడే వెతకండి. మరుజెన్‌లో ఒకటో భాగం దొరుకుతుంది, మిగతావి ఉంటాయో ఉండవో.

వెతకడం ఎలాగో చెప్తాను. షాపులో సెర్చ్ మెషీన్లుంటాయి. పుస్తకం పేరు కొట్టకండి. జపనీస్ అనువాదాలు, సినిమా గైడ్లు, రీడర్లు అన్నీ కలిసి వస్తాయి. 13 అంకెల ఐఎస్‌బీఎన్, అంటే వెనక అట్ట మీద బార్‌కోడ్ దగ్గరుండే పుస్తకం నంబరు, కొట్టండి. ఆ నంబరు మొదలు చూస్తేనే సగం సంగతి తెలుస్తుంది. 978 తర్వాత 0 గానీ 1 గానీ ఉంటే ఇంగ్లీషు ప్రచురణ. 4 ఉంటే జపాన్‌లో అచ్చయింది, అంటే చాలా వరకు జపనీస్ పుస్తకం. జపాన్ కంపెనీలు ఇంగ్లీషులో వేసినవి కూడా 4తోనే రావచ్చు, అది గుర్తుంచుకోండి. 81 గానీ 93 గానీ ఉంటే మన ఇండియా ముద్రణ.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇది కొంచెం నింపాదిగా చెప్పుకోవాలి.

జపాన్‌లో జపనీస్ పుస్తకానికి ఏ షాపులోనైనా ఒకటే ధర, చట్టం ఇచ్చిన వెసులుబాటుతో ప్రచురణకర్త నిర్ణయిస్తాడు. యోషోకి ఆ నిబంధన వర్తించదు. ఎవరి రేటు వాళ్ళదే. ఒకే పుస్తకం, ఒకే ఎడిషన్ షింజుకులో ఒక రేటు, మరునౌచిలో ఇంకో రేటు, ఆన్‌లైన్‌లో ఇంకొకటి ఉండొచ్చు. అప్పుడప్పుడు యోషో బార్గెన్ అని బల్లలు వేసి తగ్గించి అమ్మేది కూడా అందుకే. జపనీస్ కొత్త పుస్తకాలకి అలాంటి సేల్ మీరు చూడరు.

రేటు ఎలా కడతారు? వెనక అట్ట మీద 18 డాలర్లని ఉందనుకోండి. 2021లో డాలరు 110 యెన్‌ల దగ్గర ఉన్నప్పుడు అది 1,980. డాలరు 150కి చేరాక అదే పుస్తకం 2,700. పైన 10 శాతం వినియోగ పన్ను, 2,970. దీని మీద షాపు తన ఖర్చులు వేసుకుంటుంది, కాబట్టి స్టిక్కర్ మీద ఇంకా ఎక్కువే ఉంటుంది. స్టిక్కర్ మీద రెండు ధరలుంటే పెద్దది పన్నుతో కలిపింది. మీరిచ్చేది అదే. ఎప్పుడో వచ్చి అరలో కూర్చున్న కాపీ మీద పాత మారకం నాటి స్టిక్కరే ఉండిపోయే అవకాశం కూడా ఉంది. అందుకని రెండు కాపీలుంటే రెండూ తిప్పి చూడండి.

ఇంకో కిటుకు. జపాన్‌లో ఒకే పుస్తకానికి అమెరికా ఎడిషనూ బ్రిటిష్ ఎడిషనూ పక్కపక్కనే ఉంటాయి. ఇంగ్లీషు పుస్తకాల హక్కుల లెక్కలో ఇది ఓపెన్ మార్కెట్, ఇద్దరూ అమ్ముకోవచ్చు. సింగపూర్, మలేషియా, ఇండియా సాధారణంగా బ్రిటిష్ ప్రచురణకర్త వాటాలోకి పోతాయి. సింగపూర్ నీ ఆన్ సిటీలో ఉన్న కినోకునియా ఎంత పెద్దదైనా అక్కడ అమెరికా అట్టలు తక్కువ కనిపించడానికి ఒక కారణం ఇది. టోక్యోలో మాత్రం మీకు ఎంచుకునే వీలుంది, వాడుకోండి. అమెరికా హార్డ్‌కవర్ 4,000 యెన్‌లు దాటుతున్నప్పుడు పక్కనే మెత్తటి అట్టతో, వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు, పొడవు 23 ఉన్న కాపీ ఉందేమో చూడండి. అది ఎక్స్‌పోర్ట్ ఎడిషన్. బ్రిటన్‌లో ఇంకా హార్డ్‌కవరే అమ్ముతున్న రోజుల్లో, విదేశాలకీ ఎయిర్‌పోర్టులకీ పేపర్‌బ్యాక్‌గా వేసి పంపేది. లోపలి పాఠం అదే, ధర బాగా తక్కువ. చిన్న పేపర్‌బ్యాక్, అదే 13 బై 20 సైజుది, రావడానికి సాధారణంగా ఏడాది దాకా ఆగాలి.

కొత్తవాటి సంగతి అది. పాతవాటికి జింబోచో. తోజాయ్ లైన్‌లోనే ఓతెమాచి దాటి రెండో స్టేషన్ కుదాన్‌షితాలో దిగి నడవచ్చు, లేదా హాన్జోమోన్ లైన్‌లో నేరుగా జింబోచో స్టేషన్‌కే వెళ్ళొచ్చు. యాసుకుని దోరి అనే పెద్ద రోడ్డుకి దక్షిణం పక్కన వరసగా పాత పుస్తకాల షాపులు. అన్నీ ఉత్తర ముఖమే. ఎండ నేరుగా పడితే పుస్తకం పాడవుతుందని అలా కట్టుకున్నారు. మన వాళ్ళు వాస్తు చూసుకుంటే వీళ్ళు పుస్తకాల వాస్తు చూసుకున్నారన్నమాట. ఆదివారం వెళ్ళకండి, చాలా షాపులు మూసేస్తారు. శనివారం మేలు. చిన్న షాపుల్లో కార్డు తీసుకోకపోవచ్చు, జేబులో నగదు ఉంచుకోండి. అక్టోబరు చివర్లో, నవంబరు మొదట్లో కాండా పాత పుస్తకాల పండగ జరుగుతుంది, అప్పుడు ఫుట్‌పాత్ అంతా బల్లలే.

ఇంగ్లీషు సాహిత్యం, విమర్శ, తత్వశాస్త్రం కావాలంటే కితాజావా. 1902 నుంచి ఉంది. షాపు రెండో అంతస్తులో, కింద పిల్లల పుస్తకాల కేఫ్ ఉంటుంది. మెట్లెక్కాలని తెలియక కింద నుంచే వెనక్కి పోయేవాళ్ళున్నారు. ఇస్సెయిదో అనే షాపులో కూడా యోషో పై అంతస్తులోనే. ఈ రెండూ చౌక షాపులు కావు. పరిశోధన పుస్తకానికి తగ్గ ధరే ఉంటుంది. చౌక కావాలంటే షాపుల బయట బళ్ళ మీద చూడండి, వందల యెన్‌లలోనే దొరుకుతాయి.

పాత పుస్తకం ఎలా చూడాలో చెప్తాను. చివరి పేజీ తెరవండి. ధర పెన్సిల్‌తో రాసి ఉంటుంది, లేదా చిన్న చీటీ పెట్టి ఉంటుంది. చీటీ మీద ధర పక్కన జపనీస్‌లో ఏదైనా రాసుంటే వదలకండి. యాకె అంటే కాగితం పసుపెక్కింది. షిమి అంటే మచ్చలు. కకికోమి అంటే లోపల ఎవరో గీతలు పెట్టారు, రాతలు రాశారు. మూడోదే అసలు చిక్కు. మొదటి యాభై పేజీల్లో ప్రతి లైనుకీ పెన్సిల్‌తో జపనీస్ అర్థాలు రాసి, తర్వాత ఓపిక అయిపోయి వదిలేసిన పుస్తకాలు చాలా ఉంటాయి. అందుకని మధ్యలో తెరిచి బాగుందనుకోకండి, మొదటి అధ్యాయం తిరగేయండి. ఇంకో విషయం, నోరుతెరిచి బేరం ఆడకండి. మన కోటీలో, ఆబిడ్స్ ఆదివారం సంతలో నడిచే పద్ధతి ఇక్కడ నడవదు.

ఆబిడ్స్ అన్నాం కాబట్టి, ఊరెళ్ళినప్పుడు ఇండియా ముద్రణలు తెచ్చుకోవడం లాభమేనా? పాఠ్యపుస్తకాలూ టెక్నికల్ పుస్తకాలూ అయితే కచ్చితంగా లాభమే. బరువు లెక్క చూసుకోండి. 300 పేజీల పేపర్‌బ్యాక్ సుమారు 250 గ్రాములు, అంటే 10 కిలోలకి 40 పుస్తకాలు. టెక్నికల్ పుస్తకాలైతే ఒక్కోటి కిలో దాటొచ్చు, 10 కిలోలకి పది కూడా రావు. పార్సిల్‌లో తెప్పిస్తే పుస్తకాల మీద సుంకం లేదు గానీ, కస్టమ్స్ లెక్కలో విలువ 10,000 యెన్‌లు దాటితే 10 శాతం వినియోగ పన్ను కట్టాలి. పెద్ద ఆర్డర్‌ని చూసుకుని వేయండి.

డైకన్‌యామాలో ఉన్న త్సుతాయా పుస్తకాల షాపు గురించి చాలామంది అడుగుతారు. అందమైన చోటు. డిజైన్, ఫోటోగ్రఫీ, ఆర్కిటెక్చర్ పుస్తకాలకి వెళ్ళండి. నవలల కోసం అంత దూరం వద్దు.

కొనకుండా చదవాలంటే హిరో స్టేషన్ దగ్గర, అరిసుగావా పార్కులో టోక్యో మెట్రోపాలిటన్ సెంట్రల్ లైబ్రరీ. విదేశీ పుస్తకాలు బాగా ఉన్నాయి, లోపలికి ఎవరైనా వెళ్ళొచ్చు, ఇంటికి మాత్రం ఇవ్వరు. ఇంటికి తెచ్చుకోవాలంటే మీ వార్డు లైబ్రరీలో రెసిడెన్స్ కార్డు చూపించి కార్డు చేయించుకోండి.

చివరిగా, జపాన్ వదిలి వెళ్ళేటప్పుడు ఈ పుస్తకాలన్నీ ఏం చేయాలి? పాత పుస్తకాలు కొనే బుక్ ఆఫ్ లాంటి చోట అమ్మాలనుకుంటే ముందు ఫోన్ చేసి యోషో తీసుకుంటారా అని అడగండి. అన్ని బ్రాంచీలూ తీసుకోవు, రెండు సంచులు మోసుకెళ్ళి తిరిగి మోసుకురావాల్సి వస్తుంది. రెసిడెన్స్ కార్డు లాంటి గుర్తింపు తప్పనిసరి. పాత వస్తువుల చట్టంలో చిన్న మొత్తాలకి మినహాయింపు ఉంది గానీ పుస్తకాలకి లేదు, వంద యెన్‌ల పుస్తకం అమ్మినా గుర్తింపు అడుగుతారు. కార్డు మీద పాత అడ్రసు ఉంటే ఇబ్బంది, కాబట్టి ఇల్లు మారినప్పుడే వార్డు ఆఫీసులో మార్పించుకుని ఉంచుకోండి. ఎయిర్‌పోర్టులో ఆ కార్డు వెనక్కి ఇచ్చేసే రోజు కంటే కనీసం వారం ముందే ఈ పని పెట్టుకోండి.