క్రైస్తవుల ఓటు ఎవరి చేతిలో ఉంది? హైదరాబాద్ నుంచి ఒక విశ్వాసి మాట

అందరికీ వందనాలు.

ఎలక్షన్ నోటిఫికేషన్ వచ్చిందంటే చాలు, హైదరాబాద్‌లో చాలా క్రైస్తవ ఇళ్లలో ఒకటే మాట. "ఈసారి అయ్యగారు ఎవరికి వెయ్యమంటున్నారు?" ఈమధ్య ఇంకో మాట కూడా వినిపిస్తోంది, కాస్త గొంతు తగ్గించి. "ఎవరికి వేస్తే మాత్రం ఏముంది?" ఈ వీడియో ఆ రెండో మాట గురించి.

నేనూ విశ్వాసినే. ఆదివారం ఆరాధనకు వెళ్తాను, పోలింగ్ రోజు లైన్లో నిలబడతాను. నాకు దేవుడి మీద విసుగు లేదు, ఓటు మీదా లేదు. ఈ రెండింటినీ కలిపి బేరం పెట్టేవాళ్లను చూస్తేనే మనసు విరిగిపోతోంది.

[స్క్రీన్ మీద: ఖాళీ ప్రార్థన మందిరం, నేల మీద చాపలు]

2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు మా సంఘంలో జరిగింది చెబుతాను. పాటలు అయిపోయాయి, వాక్యం మొదలవ్వాలి. బయట కార్లు ఆగాయి. కండువాలు వేసుకున్న కుర్రాళ్లు ముందు వచ్చారు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు కొంగు సర్దుకుని, పిల్లల్ని ఒళ్లోకి లాక్కుని దారి ఇచ్చారు. మేమంతా చెప్పులు బయట విడిచి అడుగుపెట్టే చోట వాళ్లు బూట్లతోనే నడిచారు. పాస్టర్ గారు అభ్యర్థికి శాలువా కప్పి మైకు ఇచ్చారు. ఆయన "ప్రైజ్ ది లార్డ్" అని మొదలుపెట్టి, మీ ప్రార్థనలే నా బలం అని, చర్చికి కాంపౌండ్ వాల్ కట్టిస్తానని చెప్పాడు. తర్వాత పాస్టర్ గారు ఆయన తల మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డను దేవుడు గెలిపించాలి, అందరూ ఆమెన్ అనండి అన్నారు.

నా పక్కనున్న పెద్దావిడ ఆమెన్ అనలేదు. బయటికొచ్చాక నాతో అంది: "దేవుడి ముందు మాట ఇచ్చేశాక మళ్లీ మార్చుకోలేను కదమ్మా. ఎవరికి వెయ్యాలో నేనింకా అనుకోలేదు."

ఆవిడకు చట్టం తెలియదు. కానీ చట్టం సరిగ్గా ఆవిడ పక్షానే ఉంది.

[స్క్రీన్ మీద: ప్రజాప్రాతినిధ్య చట్టం 1951, సెక్షన్ 123]

ఫలానా వాళ్లకు ఓటెయ్యకపోతే దేవుడి కోపానికి గురవుతావని ఓటరును నమ్మించడం ఈ సెక్షన్ ప్రకారం అక్రమం. దీన్ని అనుచిత ప్రభావం అంటారు. మతం పేరు చెప్పి ఓటడగడం కూడా అక్రమమే. ఎవరి మతం అన్నదాని మీద చాలాకాలం వాదన నడిచింది. అభ్యర్థి మతమా, ఓటరు మతమా అని. 2017 జనవరి 2న ఏడుగురు సుప్రీంకోర్టు జడ్జిల బెంచ్ 4-3 మెజారిటీతో తేల్చింది: అభ్యర్థిదైనా, ఓటరుదైనా, మతం పేరుతో ఓటడగకూడదు. అంటే "మీరు క్రైస్తవులు కాబట్టి నాకు వెయ్యండి" అన్నా తప్పే.

ఇంకో చట్టం ఉంది, మన సంఘ పెద్దల్లో చాలామంది దాని పేరు కూడా విని ఉండరు. 1988లో వచ్చింది. మతసంస్థల దుర్వినియోగాన్ని అడ్డుకునే చట్టం. గుడి, మసీదు, చర్చి, గురుద్వారా, ఏదైనా సరే, ఆ ఆవరణను రాజకీయ ప్రచారానికి వాడకూడదు, వాడనివ్వకూడదు. మీరితే ఐదేళ్ల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా. ఇది మైకు అందుకున్న అభ్యర్థి కంటే, మైకు ఇచ్చిన పాస్టర్ గారి మెడకు చుట్టుకునే చట్టం.

పాలకుల కోసం ప్రార్థన చెయ్యడం వేరు. తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయంలో పౌలు చెప్పింది రాజుల కోసం, అధికారుల కోసం ప్రార్థించమని. ఎవరు అధికారంలో ఉంటే వాళ్ల కోసం. పోలింగ్‌కు ముందు ఒక పార్టీ అభ్యర్థిని నిలబెట్టి గెలుపు అడగడం అందులో లేదు.

పాస్టర్లను తిట్టి వదిలేస్తే సరిపోదు. వాళ్లు ఎందుకు మైకు ఇస్తారో కూడా చూడాలి. సీఎస్ఐకో, కేథలిక్ డయోసిస్‌కో, మెథడిస్టులకో పాత స్థలాలున్నాయి, కాగితాలున్నాయి, వెనక ఒక వ్యవస్థ ఉంది. బస్తీలో రేకుల షెడ్డు వేసుకుని, లేదా అద్దె హాల్లో నడిపే ఇండిపెండెంట్ సంఘానికి ఏముంది? పక్కింటివాళ్లు మైకు సౌండ్ మీద కంప్లయింట్ ఇస్తే, నిర్మాణానికి పర్మిషన్ లేదని నోటీసు వస్తే, ఇంటింటి ప్రార్థనకు వెళ్లినప్పుడు ఎవరైనా అడ్డగిస్తే, పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసే ఒక మనిషి కావాలి. ఆ మనిషి లోకల్ లీడర్. ఆ రోజు చేసిన ఒక ఫోన్‌కు ఎలక్షన్ టైంలో సంఘమంతా బాకీ తీర్చాలి. పక్క రాష్ట్రంలో ప్రభుత్వమే పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం పెట్టింది. పేద సేవకుడికి ఆ డబ్బు అవసరమే, కాదనను. కానీ ఆ డబ్బు తీసుకున్న నోటితో ప్రభుత్వం తప్పును ఎత్తి చూపడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఈ బేరంలో అడిగేవి ఎప్పుడూ చిన్నవే. కాంపౌండ్ వాల్, బోరు, కుర్చీలు, డిసెంబర్‌లో ఎల్బీ స్టేడియం క్రిస్మస్ విందుకు పాసులు. అసలు ప్రశ్న పక్కనే ఉండిపోతుంది.

[స్క్రీన్ మీద: సికింద్రాబాద్ కంటోన్మెంట్ మ్యాప్]

తిరుమలగిరి వైపు వెళ్లినవాళ్లకు ఆల్ సెయింట్స్ చర్చి తెలుసు. బ్రిటిష్ సైన్యం కాలం నుంచి ఉన్న చర్చిలు ఆ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ అసెంబ్లీ సీటు ఎస్సీ రిజర్వుడు. అక్కడ ఒక మాల లేదా మాదిగ కుటుంబంలో పుట్టినవాడు, నేను క్రైస్తవుణ్ణి అని కాగితం మీద ధైర్యంగా రాసుకుంటే, ఆ సీటుకు పోటీ చెయ్యలేడు. ఓటు మాత్రం వెయ్యొచ్చు.

దీనికి మూలం 1950లో రాష్ట్రపతి పేరుతో వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు, అందులో మూడో పేరా. హిందువులకే ఎస్సీ హోదా అని అందులో ఉంది. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. మన దగ్గర ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను బీసీ-సీలో పెట్టారు. రిజర్వేషన్ ఎస్సీలకు 15 శాతం, బీసీ-సీకి 1 శాతం. అట్రాసిటీ చట్టం రక్షణ కూడా పోతుంది. ఊళ్లో అతన్ని కులం పేరుతో తిట్టేవాడు మాత్రం, నువ్వు బాప్తిస్మం తీసుకున్నావా అని అడిగి తిట్టడు.

అందుకే ఎన్నో కుటుంబాలు రెండు పేర్లతో బతుకుతున్నాయి. సర్టిఫికెట్‌లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. పిల్లకు మేరీ అని పెట్టాలని ఉంటుంది, రేపు కులం సర్టిఫికెట్‌కు అడ్డొస్తుందేమోనని టెన్షన్. ఎంక్వయిరీకి వచ్చేరోజు గోడ మీద వాక్యం ఉన్న క్యాలెండర్ తీసి బీరువాలో పెట్టే తల్లులు ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే అని ఎందుకొచ్చిందో ఆ బీరువాలను అడిగితే కొంత తెలుస్తుంది. 2022 ఆగస్టులో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ అని ప్రపంచమంతా రాసింది. మన ఎస్సీ జాబితాలో మాత్రం దళిత క్రైస్తవుడికి చోటు లేదు.

మరి పార్టీలు ఏం చేశాయి? మైనారిటీల మీద కేంద్రం వేసిన రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది, ఎస్సీ హోదాకు మతంతో ముడి పెట్టొద్దని. అప్పుడు కేంద్రంలో యూపీఏ. 2014 దాకా అధికారంలో ఉండి అమలు చెయ్యలేదు. తర్వాత వచ్చిన ఎన్డీయే ప్రభుత్వం ఆ రిపోర్టును ఒప్పుకోవడం లేదని సుప్రీంకోర్టుకు చెప్పింది. 2022 అక్టోబర్‌లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్‌తో ఇంకో కమిషన్ వేసింది, దాని గడువు పొడిగిస్తూ వచ్చింది. 2009లో ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీ, 2023లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానాలు చేసి ఢిల్లీకి పంపాయి. తీర్మానం చెయ్యడం తేలిక, ఎందుకంటే రాజ్యాంగం 341వ అధికరణ ప్రకారం ఆ జాబితా మార్చే అధికారం పార్లమెంటుదే. ఆ మూడో పేరా మీద సుప్రీంకోర్టులో కేసు 2004 నుంచి నడుస్తోంది.

2023 మే నుంచి మణిపూర్‌లో చర్చిలు తగలబడుతుంటే మా సంఘం కన్నీళ్లతో ప్రార్థన చేసింది. అదే సంవత్సరం నవంబర్‌లో మా చర్చికి ఓట్ల కోసం వచ్చినవాళ్లలో ఒక్కరూ ఆ పేరు ఎత్తలేదు. "ఎవరికి వేస్తే ఏముంది" అన్న మాట ఇక్కడి నుంచి పుడుతోంది.

అమెరికాలో ఉన్న మన బంధువులు పంపే మెసేజ్‌లు చూస్తున్నారుగా. అక్కడ తెల్ల ఎవాంజెలికల్ ఓటర్లలో పదిమందికి ఎనిమిదిమంది వరకు ఒకే పార్టీ వైపు ఉంటున్నారు. 2021 జనవరి 6న అక్కడి పార్లమెంటు భవనం క్యాపిటల్ మీద దాడి చేసిన గుంపులో యేసు పేరు రాసిన జెండాలు ఊగాయి. ఇక్కడ మనం కొద్దిమందిమి కాబట్టి బేరంలో సరుకవుతున్నాం. అక్కడ వాళ్లు ఎక్కువమంది కాబట్టి పార్టీయే చర్చి అయిపోతోంది. రెండుచోట్లా నష్టపోయేది వాక్యం వినాలని వచ్చి కూర్చున్న మనిషే.

ఇవన్నీ చూసి కొందరు పెద్దలు, రాజకీయం లోక సంబంధం, మనకెందుకు అంటున్నారు. వాళ్ల బాధ నాకర్థమవుతుంది, కానీ ఒప్పుకోలేను. రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ బెంగాలీ క్రైస్తవుడు. మైనారిటీల ఉపసంఘానికి ఆయనే అధ్యక్షుడు. మతం పేరుతో చట్టసభల్లో సీట్లు కేటాయించాలన్న ఆలోచనను 1949లో వదులుకున్నప్పుడు ఆయన, ఫాదర్ జెరోమ్ డిసౌజా లాంటి క్రైస్తవ సభ్యులు దాన్ని సమర్థించారు. మాకు ప్రత్యేక సీట్లు వద్దు, అందరితో కలిసి ఓటేస్తాం అన్నారు. వాళ్లు నమ్మింది ఒక్కొక్క ఓటరు మనస్సాక్షిని. దాన్ని మనం గుత్తకు ఇవ్వకూడదు, ఇంట్లో దాచుకోకూడదు.

[స్క్రీన్ మీద: కార్పొరేటర్, ఎమ్మెల్యే, ఎంపీ]

ఈసారి మీ వీధిలోకి ఓటడగడానికి వచ్చినప్పుడు చర్చి లోపల కాదు, గేటు బయట మాట్లాడండి. కార్పొరేటర్‌గా నిలబడినవాళ్లను సమాధుల స్థలం గురించి అడగండి. నగరంలో పాత సమాధుల తోటలు నిండిపోతున్నాయి, కొత్త స్థలం ఎక్కడ, ఎప్పటికి అని. ఎమ్మెల్యే అభ్యర్థిని బీసీ-సీ సర్టిఫికెట్ కోసం జనం ఎన్నిసార్లు ఆఫీసు చుట్టూ తిరగాలో అడగండి. ఎంపీ అభ్యర్థిని ఒక్కటే అడగండి: 1950 ఉత్తర్వులో మూడో పేరా తీసెయ్యాలా, ఉంచాలా? పార్లమెంటులో మీరు ఎటు ఓటేస్తారు? జవాబును తేదీతో సహా ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి, ఐదేళ్ల తర్వాత మళ్లీ వాళ్లే వస్తారు.